పరుగు బూట్ల మార్పు – దేహంపై భారం, నొప్పి: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పరుగు బూట్లు మార్చిన కొన్ని వారాలకు పిక్కలోనో, మడమలోనో, మోకాలిలోనో, పాదపు ఎముకల్లోనో నొప్పి రావడం పరుగెత్తేవారిలో తరచుగా కనిపించే అనుభవం. దీనికి బూటు నాణ్యతే కారణమని సాధారణంగా భావిస్తారు. బూటు దేహంపై పడే భారాన్ని తొలగించదనీ, ఒక భాగం నుంచి మరొక భాగానికి మళ్ళిస్తుందనీ, ఆ మళ్ళింపు దేహధాతువులు అలవాటుపడే వేగాన్ని మించినప్పుడు నొప్పి పుడుతుందనీ ఈ వ్యాసం వివరిస్తుంది. గత పదిహేనేళ్ళలో వెలువడిన కొన్ని ముఖ్య అధ్యయనాలను, పరుగు బూట్ల చరిత్రలోని కొన్ని ఘట్టాలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది. నొప్పి స్వభావాన్ని తెలిపే తెలుగు మాటల ప్రయోజనాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పరుగు, పాదరక్షలు, భారం, స్నాయుబంధం, ఎముక అలసట, నొప్పి, అలవాటు.

1. ప్రవేశిక:

తెలుగువారి వాడుకలో కొత్త చెప్పు 'కరుస్తుంది'. మడమ వెనుకనో, చిటికెన వేలి పక్కనో తోలు ఒరుసుకొని బొబ్బ లేవడాన్ని ఈ ఒక్క క్రియ సంపూర్ణంగా తెలుపుతుంది. ఈ కాటు కంటికి కనిపిస్తుంది. తొడిగిన గంటలోపే తెలుస్తుంది. కారణం విషయంలో ఎవరికీ సందేహం ఉండదు. నాలుగు రోజులు వాడితే చెప్పు మెత్తబడుతుంది, చర్మం గట్టిపడుతుంది, సమస్య తీరిపోతుంది.

పరుగు బూట్లు మార్చినప్పుడు కలిగే నొప్పుల్లో బాధాకరమైనవి ఈ కోవకు చెందవు. అవి చర్మం కింద, కండరంలో, స్నాయుబంధంలో, ఎముకలో మొదలవుతాయి. రెండు మూడు వారాల తరువాత గాని బయటపడవు. అప్పటికి బూట్లు కొత్తవన్న సంగతి మరుగున పడుతుంది. నొప్పికి వయస్సో, బరువో, పరుగెత్తిన దారో కారణమని తోస్తుంది. కారణానికీ ఫలితానికీ మధ్య ఉన్న ఈ కాలవ్యవధి వల్లనే బూట్ల మార్పు కలిగించే హాని సరిగా గుర్తింపు పొందడం లేదు.

తెలుగు ప్రాంతాల్లో ఈ విషయానికి నేడు ప్రాధాన్యం పెరిగింది. హైదరాబాదులో, విశాఖపట్నంలో ఏటా మారథాన్ పరుగులు జరుగుతున్నాయి. మధ్యవయస్సులో పరుగు మొదలుపెట్టే ఉద్యోగుల సంఖ్య తక్కువేమీ కాదు. మరొకవైపు పోలీసు కానిస్టేబుల్ నియామకాల దేహదారుఢ్య పరీక్షల్లో పురుష అభ్యర్థులకు 1600 మీటర్ల పరుగు ఉంటుంది. అభ్యర్థులు వాడుకలో 'ఈవెంట్స్' అనే ఈ పరీక్షకు తక్కువ వ్యవధిలో సాధన పెంచుకుంటూ, అదే సమయంలో కొత్త బూట్లు కొనుక్కునే యువకుడికి కాలి నొప్పి కేవలం అసౌకర్యం కాదు, ఉద్యోగావకాశానికే ముప్పు.

2. పరుగులో పాదం మోసే భారం:

మానవపాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేలను అంటి ఉంటుంది. పరుగులో రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ఒకటి వస్తుంది. ఆ వెంటనే దేహమంతా ఒక్క కాలి మీద దిగుతుంది. అప్పుడు నేల నుంచి పాదానికి ఎదురయ్యే బలం దేహభారానికి దాదాపు రెండున్నర రెట్లు. 60 కిలోల మనిషి పాదంపై అది 150 కిలోల బరువుతో సమానం. నిమిషానికి 170 అడుగుల చొప్పున అరగంట పరుగెత్తితే 5100 అడుగులు పడతాయి. అంటే ఒక్కొక్క పాదం 2550 సార్లు ఆ భారాన్ని అందుకుంటుంది.

దేహం లోపల పనిచేసే బలాలు ఇంతకంటే పెద్దవి. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే లావైన స్నాయుబంధాన్ని వైద్యులు అకిలెస్ స్నాయుబంధం అంటారు. జనవ్యవహారంలో ఇది మడమ నరం. పాదం ముందుభాగంతో నేలను తన్నేటప్పుడు చీలమండ ఇరుసులా పనిచేస్తుంది. చీలమండ నుంచి వేళ్ళ మొదళ్ళ వరకు ఉన్న దూరం, చీలమండ నుంచి ఈ స్నాయుబంధం వరకు ఉన్న దూరానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. కాబట్టి నేల బలానికి రెండు మూడింతల బలంతో స్నాయుబంధం లాగవలసి వస్తుంది. పరుగులో దానిపై పడే లాగుడు దేహభారానికి ఆరు రెట్లు, అంతకు మించి కూడా ఉంటుంది. బూటు ఆకారంలో కొన్ని మిల్లీమీటర్ల తేడా ఎందుకు లెక్కకు వస్తుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. వేల సార్లు పునరావృతమయ్యే పెద్ద బలంలో చిన్న మార్పు కూడా మొత్తం మీద పెద్దదే.

3. బూటు మారితే మారేవి:

3.1 మడమ ఎత్తు: మడమ కింద ఉన్న మందానికీ, వేళ్ళ మొదళ్ళ కింద ఉన్న మందానికీ గల తేడాను తయారీదారులు 'డ్రాప్' అంటారు. సంప్రదాయ పరుగు బూట్లలో ఇది 10 నుంచి 12 మిల్లీమీటర్లు. పలుచని బూట్లలో 0 నుంచి 4 మిల్లీమీటర్లు. ఈ తేడా తగ్గితే చీలమండ మరింత వంగాలి, పిక్క, మడమ నరం మరింత సాగాలి. పాదం ముందుభాగంతో నేలను తాకే ధోరణి కూడా పెరుగుతుంది. ఫలితంగా మోకాలి చిప్పపై భారం తగ్గి, పిక్కపై, స్నాయుబంధంపై, వేళ్ళకు వెనుక ఉన్న పొడవాటి ఎముకలపై భారం పెరుగుతుంది. మడమ ఎత్తు పెరిగితే దీనికి విరుద్ధంగా మోకాలు ఎక్కువ పనిచేస్తుంది.

3.2 మెత్తదనం: ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ వంటి ఫోమ్ పొర పాదానికీ నేలకూ మధ్య దిండులా ఉంటుంది. మెత్తని బూటు తొడిగితే కాలికి తగిలే తాకిడి అంతే మోతాదులో తగ్గుతుందని అనుకోవడం సహజం. కాని దేహం అచేతన వస్తువు కాదు. అడుగున మెత్తదనం ఉన్నట్లు తెలియగానే కాలు తనను తాను బిగించుకుంటుంది, గట్టిదనం ఉంటే సడలించుకుంటుంది. కాబట్టి మెత్తదనం మారినప్పుడు తాకిడి మాత్రమే కాదు, కండరాలు పనిచేసే తీరు కూడా మారుతుంది.

3.3 బిరుసుదనం: కొన్ని బూట్లలో కార్బన్ పలక అమర్చుతారు. కొన్నింటి అడుగు ఊయల బద్దలా వంపు తిరిగి ఉంటుంది. వీటిలో బొటనవేలి కీలు వంగే అవసరం తగ్గుతుంది. పాదంలోని చిన్న కండరాలు చేసే పనిలో కొంత ఇతర భాగాలకు పోతుంది.

3.4 వెడల్పు: బూటు ముందుభాగం ఇరుకైతే వేళ్ళ మధ్య నరాలు నలుగుతాయి, గోళ్ళు నల్లబడతాయి. వదులైతే పాదం లోపల జారుతుంది. జారకుండా పట్టుకోవడానికి వేళ్ళు అదేపనిగా ముడుచుకుంటాయి. అరికాలి అలసటకు ఇదీ ఒక కారణం.

3.5 అరుగుదల: అదే కంపెనీ, అదే నమూనా, అదే కొలత తీసుకున్నా మార్పు ఉండనే ఉంటుంది. పాత బూటు అడుగు ఒక పక్క అరిగి, ఫోమ్ అణగి ఉంటుంది. ఈ అరుగుదల నెలల తరబడి కొద్దికొద్దిగా జరగడం వల్ల దేహం దానికి తెలియకుండానే సర్దుకుంటుంది. కొత్త జత మాత్రం ఒక్క రోజులో మారుతుంది. 'బూటు మార్చలేదు, అదే రకం కొన్నాను' అనేవారికి కూడా నొప్పి రావడంలోని రహస్యం ఇదే.

ఈ ఐదింటిలోనూ గమనించదగినది ఒక్కటే. భారం ఎక్కడికీ పోదు, స్థానం మారుతుంది. మోకాలికి మేలు చేసిన బూటు మడమ నరానికి పని పెంచుతుంది. కొత్తగా భారం పొందిన భాగం దానికి సిద్ధంగా ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

4. అలవాటుపడటంలో కాలభేదం:

దేహంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో అలవాటుపడవు. నొప్పికి మూలం ఇక్కడే ఉంది.

నాడీవ్యవస్థ అన్నిటికంటే వేగవంతమైనది. డేనియల్ ఫెర్రిస్, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన ప్రయోగంలో, పరుగెత్తేవారు మెత్తని నేల నుంచి గట్టి నేలపైకి వెళ్ళినప్పుడు కొత్త నేలపై వేసే మొదటి అడుగులోనే కాలి బిగువును మార్చుకున్నట్లు తేలింది. దుకాణంలో కొత్త బూటు తొడిగి నాలుగడుగులు వేయగానే 'బాగుంది' అనిపించడం నాడీవ్యవస్థ ఇచ్చే తీర్పు. అది తక్కిన ధాతువుల అభిప్రాయం కాదు.

కండరానికి వారాలు కావాలి. అలవాటులేని సాగుడుకు లోనైన పిక్కలో ఒకటి నుంచి మూడు రోజుల్లోపు తీపులు, బిగుతు వస్తాయి. క్రమంగా పని కొనసాగిస్తే కండరం బలపడి అవి తగ్గిపోతాయి. స్నాయుబంధానికి నెలలు కావాలి. దానికి రక్తప్రసరణ తక్కువ, ధాతువు మార్పిడి మందకొడిగా సాగుతుంది.

ఎముక సంగతి మరింత చిక్కైనది. మోసే భారాన్ని అనుసరించి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించాడు. ఆ మార్పులో ఒక క్రమం ఉంది. పాత భాగాన్ని కరిగించే కణాలు ముందు పనిచేస్తాయి, కొత్త ఎముకను నిర్మించే కణాలు తరువాత వస్తాయి. కరిగించడం కొన్ని వారాల పని, నింపడం కొన్ని నెలల పని. పాత ఇంటి గోడను కొంత పడగొట్టి, కొత్త గోడ ఇంకా లేవక ముందు ఇల్లు ఎలా ఉంటుందో ఆ మధ్యకాలంలో ఎముక అలా ఉంటుంది. అప్పుడు భారం తగ్గించకపోతే ఎముక లోపల వాపు, ఆ పైన సన్నని పగులు ఏర్పడతాయి. 1855లో ప్రష్యా సైనికవైద్యుడు బ్రైట్‌హాప్ట్ కవాతు చేసే సైనికుల పాదాల్లో నొప్పిని, వాపును వర్ణించాడు. ఎక్స్ కిరణాలు వాడుకలోకి వచ్చాక అది పాదపు ఎముకల్లో అలసటతో ఏర్పడే పగులని తెలిసింది. నేటికీ దానిని 'మార్చ్ ఫ్రాక్చర్' అనే పిలుస్తారు.

మొదటి అడుగులోనే నాడి ఒప్పుకుంటుంది, మూడో వారానికి కండరం ఒప్పుకుంటుంది, ఎముకకు నెలలు కావాలి. తొలి రెండూ ఇచ్చిన ధైర్యంతో మనిషి దూరం పెంచుతాడు. సరిగ్గా అప్పుడే ఎముక బలహీనదశలో ఉంటుంది.

5. చరిత్రలో నిదర్శనాలు:

ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను ఉత్త కాళ్ళతో గెలిచాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బూట్లు తొడిగి అదే పందెం మళ్ళీ గెలిచాడు. ఈ రెండు విజయాలను పక్కపక్కన పెడితే బూటు ఉండటమా లేకపోవడమా అన్నది నిర్ణాయకం కాదని తెలుస్తుంది. రోమ్‌లో ఆయన పాదాలు ఉత్త కాళ్ళ పరుగుకు ఎంతో ముందే అలవాటుపడి ఉన్నాయి.

2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన 'బోర్న్ టు రన్' పుస్తకం, 2010లో హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్ బృందం 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ఉత్త కాళ్ళ పరుగుకు ప్రపంచవ్యాప్తంగా ఆదరణ తెచ్చాయి. బూట్లు లేని అలవాటున్నవారు ఎక్కువగా పాదం ముందుభాగంతోనో మధ్యభాగంతోనో దిగుతారనీ, అందువల్ల మడమతో దిగినప్పుడు కలిగే ఆకస్మిక తాకిడి వారిలో తక్కువనీ లీబర్‌మన్ బృందం చూపింది. ఆ పరిశోధనలో కీలకమైన మాట 'అలవాటున్నవారు'. చాలామంది పాఠకులు ఫలితాన్ని గ్రహించారు గాని ఆ విశేషణాన్ని విడిచిపెట్టారు. అయిదు వేళ్ళకూ విడివిడి తొడుగులున్న పలుచని బూట్లు కొని, పాత దూరాలే పరుగెత్తసాగారు.

దాని పర్యవసానాన్ని సారా రిడ్జ్ బృందం 2013లో నమోదు చేసింది. అనుభవమున్న 36 మంది పరుగెత్తేవారిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని పది వారాలపాటు క్రమంగా పలుచని బూట్లకు మార్చారు. ముందూ వెనుకా పాదాలకు ఎం.ఆర్.ఐ. తీశారు. బూట్లు మార్చిన 19 మందిలో 10 మందికి కనీసం ఒక ఎముకలోనైనా మజ్జవాపు పెరిగింది. పది వారాల క్రమమార్పు కూడా పలువురికి చాలలేదన్నది ఈ అధ్యయనంలోని విలువైన హెచ్చరిక. 2014లో మైకేల్ ర్యాన్ బృందం 103 మందిపై 12 వారాలు జరిపిన పరిశీలనలో బాగా పలుచని బూట్లు వాడినవారు ముంగాలిలో, పిక్కలో ఎక్కువ నొప్పి ఉన్నట్లు చెప్పారు. అదే సంవత్సరం వైబ్రమ్ సంస్థ తన అయిదువేళ్ళ బూట్ల ఆరోగ్యప్రయోజనాల ప్రచారంపై అమెరికాలో దాఖలైన దావాను, తప్పు అంగీకరించకుండానే, 37.5 లక్షల డాలర్లతో పరిష్కరించుకుంది.

ఆ తరువాత గాలి ఎదురుదిశకు తిరిగింది. 2017లో మందమైన ఫోమ్, కార్బన్ పలక ఉన్న పందెపు బూట్లు విపణిలోకి వచ్చాయి. 2020 జనవరిలో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య రహదారి పరుగు బూట్ల అడుగు మందం 40 మిల్లీమీటర్లకు మించరాదనీ, ఒక పలకకు మించి ఉండరాదనీ నియమించింది. 2023లో ఆడమ్ టెన్‌ఫోర్డ్, ఆయన సహచరులు ఇటువంటి బూట్లు వాడిన ఐదుగురిలో పాదం మధ్యనున్న పడవ ఆకారపు ఎముకకు కలిగిన అలసట గాయాలను వివరించారు. ఐదు ఉదంతాలు కార్యకారణ సంబంధాన్ని రుజువు చేయవు. అయినా పలుచని బూటైనా మందమైన బూటైనా మార్పును క్రమంగా చేయాలన్న సూచనకు అవి బలం చేకూరుస్తాయి.

6. 'సరైన బూటు' అన్న భావన:

పాదపు వంపును చూసి, దానికి తగిన బూటును నిర్ణయించే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. జోసెఫ్ నాపిక్ బృందం అమెరికా సైనిక శిక్షణార్థులపై చేసిన విస్తృత అధ్యయనాల్లో పాదపు ఆకారాన్ని బట్టి బూట్లు ఇచ్చినందువల్ల గాయాలు చెప్పుకోదగినంత తగ్గలేదని తేలింది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెన్నో నిగ్ బృందం 2015లో, ప్రతి దేహానికీ తనకు అనుకూలమైన కదలిక మార్గం ఒకటి ఉంటుందనీ, సౌకర్యంగా అనిపించే బూటు ఆ మార్గాన్ని చెదరగొట్టదనీ ప్రతిపాదించింది. సౌకర్యం అవసరమే. అయితే అది నాడీవ్యవస్థ తీర్పు కాబట్టి, బూటును ఎంచుకోవడానికి పనికివస్తుంది గాని, ఎంత దూరం పరుగెత్తాలో నిర్ణయించుకోవడానికి పనికిరాదు.

లారాం మాలిజు బృందం లక్సెంబర్గ్‌లో 264 మందిని 22 వారాలు పరిశీలించి, ఒకటికి మించిన జతలను మార్చి మార్చి వాడేవారికి గాయాల ముప్పు 39 శాతం తక్కువని గుర్తించింది. ఒకే చోట అదేపనిగా భారం పడకుండా అది పంపిణీ కావడం ఇందుకు కారణం కావచ్చునని భావించారు. పైన చెప్పిన సూత్రానికే ఇది మరొక పార్శ్వం. భారం స్థానం మారడం దానంతట అది హాని కాదు. కొద్ది మోతాదులో మారితే అది విశ్రాంతి, ఒక్కసారిగా పూర్తిగా మారితే అది గాయం.

7. నొప్పిని తెలిపే మాటలు:

తెలుగులో 'నొప్పి' ఒక్కటే మాట కాదు. తీపు, లాగుడు, పట్టివేత, పోటు, సలుపు, చురుకు, మంట వంటివి వేర్వేరు అనుభవాలను తెలుపుతాయి. వైద్యుడి ముందు వీటన్నిటినీ 'పెయిన్' అనే ఒక్క మాటలోకి కుదించడం వల్ల ఉపయోగకరమైన సమాచారం పోతుంది.

పిక్క అంతటా వ్యాపించిన తీపు, రెండు మూడు రోజుల్లో తగ్గితే, సాధారణంగా కండరపు అలసట. ఉదయం లేవగానే మడమ వెనుక బిగుసుకొని, నడిచిన కొద్దీ సడలే పట్టివేత స్నాయుబంధాన్ని సూచిస్తుంది. మంచం దిగి వేసిన మొదటి అడుగులో మడమ కింద ముల్లు గుచ్చుకున్నట్లుంటే అరికాలి పట్టీని అనుమానించాలి. వేళ్ళ మధ్య మంట, తిమ్మిరి ఉంటే ఇరుకు బూటులో నలిగిన నరం కారణం కావచ్చు. వేలితో చూపగలిగినంత చోట మాత్రమే ఎముకపై పోటు ఉండి, పరుగెత్తే కొద్దీ పెరిగి, రాత్రి విశ్రాంతిలోనూ సలిపితే అది ఎముక అలసట గాయం కావచ్చు. చివరిది ఓర్చుకోదగిన నొప్పి కాదు. పరుగు ఆపి వైద్యుణ్ణి సంప్రదించాలి. తొలి వారాల్లో మామూలు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్న మాటతో మళ్ళీ పరుగు మొదలుపెట్టడం ప్రమాదకరం. ఈ వివరణలు రోగనిర్ధారణకు ప్రత్యామ్నాయం కావు, ఎప్పుడు ఆగాలో తెలుసుకోవడానికి తోడ్పడతాయి.

8. మార్పును క్రమబద్ధం చేయడం:

పై చర్చ నుంచి కొన్ని ఆచరణ సూత్రాలు సిద్ధిస్తాయి. పాత జత పూర్తిగా పాడైపోకముందే కొత్తది కొనాలి, రెండింటినీ కొంతకాలం కలిపి వాడాలి. మొదట వారంలో ఒకటి రెండు పరుగులు మాత్రమే, అవీ చిన్నవి, కొత్త బూట్లతో చేయాలి. అదే నమూనా అయితే కొన్ని వారాల్లో మార్పు పూర్తిచేయవచ్చు. మడమ ఎత్తు లేదా అడుగు స్వభావం బాగా తేడాగా ఉంటే నెలలు కేటాయించాలి. బూట్లు మార్చే కాలంలో దూరం, వేగం, పరుగెత్తే నేల మార్చకూడదు. మునివేళ్ళపై లేచి మెల్లగా దిగే వ్యాయామం పిక్కను, మడమ నరాన్ని ముందుగా సిద్ధం చేస్తుంది. ఆహారం చాలనివారిలో, ఋతుక్రమం తప్పిన స్త్రీలలో ఎముక అలసట ముప్పు ఎక్కువ కాబట్టి వారు మరింత జాగ్రత్త వహించాలి.

దేహదారుఢ్య పరీక్షల అభ్యర్థుల విషయంలో ఇది ముఖ్యం. పరీక్షకు పది రోజుల ముందు కొన్న బూటు నాడికి నచ్చవచ్చు గాని, ఎముకకు దాని పరిచయం కూడా కాదు. సాధన చేసిన బూట్లతోనే, ఉత్త కాళ్ళతో సాధన చేసి నిబంధనలు అనుమతిస్తే ఉత్త కాళ్ళతోనే, పరుగెత్తడం క్షేమం. కళాశాలల వ్యాయామ అధ్యాపకులు సాధన ప్రణాళికలో బూట్ల మార్పు తేదీని కూడా నమోదు చేయిస్తే, తరువాత వచ్చే నొప్పికి కారణం వెతకడం సులభమవుతుంది.

9. ముగింపు:

- బూటు భారాన్ని తొలగించదు, ఒక భాగం నుంచి మరొక భాగానికి మళ్ళిస్తుంది.
- నాడి, కండరం, స్నాయుబంధం, ఎముక వేర్వేరు కాలాల్లో అలవాటుపడతాయి. సౌకర్యంగా ఉన్నదన్న భావన వీటిలో మొదటిదానికే సాక్ష్యం.
- పలుచని బూట్ల విషయంలో, మందమైన బూట్ల విషయంలో ఎదురైన గాయాలు బూటు మంచిచెడ్డలతో పాటు మార్పు వేగాన్ని కూడా ప్రశ్నిస్తున్నాయి.
- నొప్పిని తెలిపే తెలుగు మాటలను కచ్చితంగా వాడటం గాయాన్ని తొలిదశలో గుర్తించడానికి ఉపకరిస్తుంది.

చర్మం మీది చెప్పుకాటు అప్పటికప్పుడే తెలుస్తుంది కాబట్టి మనిషి దానికి జాగ్రత్తపడతాడు. ఎముకకు తగిలే కాటు వారాల తరువాత గాని తెలియదు. ఆ వారాలను లెక్కలోకి తీసుకొని పరుగును నియంత్రించుకోవడమే బూట్ల మార్పులో అసలైన జాగ్రత్త.